చివరి చెంబు నీళ్ళు

ఊళ్ళో తలకాయలు కొలుస్తున్నారన్న వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా పాలావిడ. పటాన్‌చెరు దాటాక రోడ్డుకు ఇటు మా ప్లాంటు క్వార్టర్లు, అటు వాళ్ళ ఊరు. రోజూ తెల్లవారగానే రోడ్డు దాటి వచ్చి మా గుమ్మం ముందు కూర్చునేది. ఆ రోజు పాలు పోయడం మానేసి, కొలపాత్ర చేతిలో అలాగే పట్టుకుని మొదలుపెట్టింది.

"అమ్మా, మీకెరికేనా? పట్నం నుంచి ఎవలో సారు వచ్చిండు. ఇనుప పట్టుకారు తెచ్చిండు. అందరి తలకాయలు గిట్ల పట్టి కొలుస్తుండు. ముక్కులు గూడ కొలుస్తుండు."

ఎందుకట అని అడిగాను.

"ఎవలకెరిక? మా ఆయన ఏమంటుండంటే, భూములు కొలిచినంక ప్లాంటు వచ్చింది, ఇగ తలకాయలు కొలిచినంక ఏమొస్తదో అంటుండు."

ఆ మాటకు తనే నవ్వింది గానీ, కోడళ్ళిద్దరినీ మాత్రం ఆ పొద్దు పుట్టింటికి పంపేసిందట. సారు వెళ్ళిపోయాక తిరిగి తెచ్చుకుంటానంది.

ఇది డెబ్బైల మొదట్లో సంగతి. మేము అంతకు కొన్నేళ్ళ ముందు గోదావరి పక్కనుంచి ఇక్కడికి వచ్చాం. మా వారికి ప్లాంటులో టర్నర్ ఉద్యోగం. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. సాయంత్రం దీపం పెట్టాక మా నాన్న దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన అక్షరాలే నావి. పడుకోబోయే ముందు, ఆ రోజు మనకు మేలు చేసిన వాళ్ళను దేవుడికి ఒక్కొక్కరిగా చెప్పుకోవాలన్నది కూడా ఆయన నేర్పిందే. ఈ ప్రాంతానికి వచ్చాక నేను దేవుడికి ఎక్కువసార్లు చెప్పుకున్నది ఒక ముసలావిడ గురించి. పసిపిల్లలకు నీళ్ళు పోసే అవ్వ గురించి.

నా మొదటి కాన్పు వానాకాలంలో వచ్చింది. వరదలకు మా వైపు దారులు తెగిపోయి పుట్టింటికి వెళ్ళలేకపోయాను. సంగారెడ్డి ఆసుపత్రిలో చాలా కష్టమైంది. బిడ్డను పట్టి లాగాల్సి వచ్చిందట. కళ్ళు తెరిచి చూస్తే నా కూతురి తల సొరకాయలా సాగి, ఒక పక్కకు ఒరిగి ఉంది. దగ్గర తల్లి లేదు, అత్తగారు లేరు, ఏం చేయాలో తెలియక ఏడుస్తుంటే పాలావిడే వెళ్ళి అవ్వను తీసుకొచ్చింది.

ఊరి బయటి వాడ మనిషి ఆమె. ఎంత పొద్దున వచ్చినా దారిలో ఎవరికీ ఎదురుపడకుండా పక్కకు తప్పుకుంటూ వచ్చేది. మా పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు బార్లా చాపి, బిడ్డను మోకాళ్ళ కింద కాళ్ళ మీద పడుకోబెట్టుకునేది. గోరువెచ్చటి నువ్వుల నూనె అరచేతిలో పోసుకుని, ఆ చేతిని దొప్పలా వంచి తల చుట్టూ తిప్పుతూ ఉండేది. కుమ్మరి కుండను దిద్దినట్టు అలా తిప్పుతూనే ఉండేది. తర్వాత బొటనవేలు, చూపుడువేలు కలిపి ముక్కు దూలం మీద కిందికి జారవిడిచేది. పిల్లతో మాటలు ఆగేవి కావు.

"నీ ముక్కు అచ్చం మీ నాయన ముక్కు లెక్క ఉన్నదే. దీన్ని జెర మంచిగ చెయ్యాలె. లేకుంటె ఎవడు చేసుకుంటడే నిన్ను?"

మా వారు లోపల అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఆ మాట విని ముక్కు తడుముకునేవారు.

పిండి రుద్ది, నీళ్ళన్నీ పోసేశాక అవ్వ ఒక చెంబు నీళ్ళు మిగిల్చి పక్కన పెట్టేది. మొదటి రోజు నాకు అర్థం కాక చూస్తుంటే తనే చెప్పింది. "నేను ముట్టినంక ఆఖరి చెంబు ఇంటోళ్ళు పోయాలె బిడ్డా. అప్పుడు శుద్ధి అయితది. ఊళ్ళె అందరిండ్లల్ల గంతే." అలా అని బిడ్డను నా చేతికిచ్చి, ఆ నీళ్ళు తన మీద పడకుండా వెనక్కి జరిగింది. మా వైపు కూడా ఇలాంటివి ఉన్నవే. నేను పోశాను. చలికాలం వచ్చేసరికి నా కూతురి తల గుండ్రంగా, నున్నగా, చూసినవాళ్ళు ఎత్తుకోకుండా ఉండలేనట్టు అయింది.

ఆ ఊళ్ళో పెద్దింటి పటేలుకు గానీ, ఆయన కొడుకులకు గానీ, మంగలి ఇంటికి, గొల్ల ఇంటికి, తన వాడలోని వాళ్ళకు గానీ నీళ్ళు పోసింది ఈమే. ఈమెకు ముందు ఈమె తల్లి. మా క్వార్టర్లు కట్టాక మా పిల్లలకూ ఈమే.

కొలతల సారు వచ్చేనాటికి నాకు రెండో బిడ్డ, మగపిల్లాడు, ఒళ్ళో ఉన్నాడు. అవ్వకు కూడా ఒక మంచి ఆశ పుట్టి ఉంది. ప్లాంటులో పనిచేసే ఆడవాళ్ళ పసిపిల్లలను పగటిపూట చూసుకోవడానికి మా మహిళా సంఘం వాళ్ళు క్లబ్బు పక్కన ఒక గది తయారు చేస్తున్నారు. అక్కడ ఆయాగా అవ్వను పెట్టుకోమని నేను అడిగితే సంఘం అధ్యక్షురాలు సరేనన్నారు. ఆవిడ పెద్ద ఆఫీసరుగారి భార్య. ఆవిడ మనవడికి కిందటి వేసవిలో అవ్వే నీళ్ళు పోసింది కాబట్టి ఒప్పించడం కష్టం కాలేదు.

అవ్వకు ఆ పని చాలా అవసరం. కౌలుకు చేసుకునే మెట్ట చెలక ప్లాంటు గోడ లోపలికి పోయింది. కొడుకులు దొరికిన రోజు కూలికి పోతారు. మోకాళ్ళు పట్టేశాయి, వంగి నాట్లు వేయలేదు. ఊళ్ళో నీళ్ళు పోసినందుకు ఇచ్చే జొన్నలు ఇంట్లో వాళ్ళకు చాలవు. నెలజీతం, నెత్తిన కప్పు, కూర్చోను చోటు. ఈ మాట చెప్పిన రోజు ఆమె అడిగింది ఒకటే.

"నేను యాడికెళ్లి లోపలికి పోవాలె బిడ్డా? ఎనక నుంచా?"

"ఆ గదికి ఒక్కటే తలుపు అవ్వా. అందరూ దాన్నుంచే."

"ఒక్కటే తలుపా," అని కాసేపు ఆలోచించి, "మంచిగున్నది" అంది.

సారు ముందు ఊళ్ళో కొలిచి, తర్వాత మా క్వార్టర్లకు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళను కూడా కొలవాలట. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడుతో, మర్యాదగా మాట్లాడే మనిషి. క్లబ్బు వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టి, కొసలు వంపు తిరిగిన ఆ ఇనుప పనిముట్టుతో నా కణతలు పట్టాడు. చల్లగా తగిలింది. రకరకాల రంగుల గాజుపలకలు నా మోచేతి లోపలి పక్కన ఆనించి, ఏ పలక నా ఒంటి రంగుతో కలుస్తుందో చూసి, గొణుక్కుని, థాంక్సమ్మా అన్నాడు. నేనూ నమస్కారం పెట్టాను. పెద్ద చదువు చదివిన మనిషి ఎండలో తిరుగుతున్నాడు, ఏదో మంచికే అయి ఉంటుందనుకున్నాను.

అవ్వను ఊళ్ళో బడి వరండాలో కొలిచారు. ఆమెకు అది పండగలా ఉంది.

"సారు నా తల పట్టిండు బిడ్డా. ఇన్నొద్దులు అందరి తలలు నేను పడితి. నా తల ఎవ్వలు పట్టలే. పేన్లుంటయి సారూ జెర పైలం అన్న. నవ్విండు."

వెళ్ళే ముందు సారు మా సంఘంలో ఉపన్యాసం ఇచ్చాడు. గోడకు పటం తగిలించి, మనుషుల్లో మూల జాతులు ఉన్నాయని, ఒకరు ముందునుంచీ ఇక్కడే ఉన్నవారని, మరొకరు తర్వాత వచ్చారని, సన్నటి ముక్కు, వెడల్పు ముక్కు, పొడుగు తల, గుండ్రటి తల, వీటిని బట్టి ఎవరి మూలం ఏదో అంచనా వేస్తామని చెప్పాడు. ఇందులో ఎక్కువ తక్కువలు లేవని రెండుసార్లు అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకు ఇప్పటికీ దణ్ణం పెడతాను. కానీ ఆ మాట ఎవరి చెవిలోనూ దూరలేదు. హాల్లో ఆడవాళ్ళందరి చేతులూ ఎవరి ముక్కు మీదికి వాళ్ళవి పోయాయి. పక్కవాళ్ళ ముక్కు ఓరగా చూడనివాళ్ళు లేరు.

చివర్లో నవ్వుతూ ఇంకోమాట అన్నాడు. ఈ ఊరు తనను ఆశ్చర్యపరిచిందట. పెద్దిళ్ళ వాళ్ళకు, వాడ వాళ్ళకు తల ఆకారంలో తేడా ఉంటుందని వస్తే, ఇక్కడ అందరి తలలూ దాదాపు ఒకేలా ఉన్నాయట. ఒకప్పుడు ఈ ఊళ్ళో రక్తాలు కలిసి ఉండాలి, వేరే కారణం కనపడడం లేదు అన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నా ఒళ్ళో పిల్లాడు నిద్రపోతున్నాడు. వాడి తల నా అరచేతిలో ఉంది. గుండ్రంగా, నున్నగా, వెనక కొంచెం చదునుగా, అచ్చం వాళ్ళక్క తలలాగే. పాలావిడ మనవరాలి తలలాగే. కారణం నాకు తెలిసిపోయింది. లేచి చెబుదామనుకునేసరికి వందన సమర్పణ మొదలైంది, సారును టీకి తీసుకుపోయారు, ఆయన చుట్టూ ఆఫీసర్ల భార్యలు మూగారు.

ఆ కిసుక్కుమన్న నవ్వు రోడ్డు దాటి ఊళ్ళోకి పోవడానికి ఒక రోజు కూడా పట్టలేదు. మా ఇళ్ళల్లో అంట్లు తోమేవాళ్ళంతా ఆ ఊరివాళ్ళే. ఈ వార్తా పాలావిడే తెచ్చింది గానీ ఈసారి నవ్వలేదు. పటేలు ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదట. మా ఇంటి ఆడవాళ్ళ మీద నింద వేస్తారా అని గోలగోలగా ఉందట. సారు ఇంత మాట ఊరికే అనడు, ఎవరో చెప్పి ఉంటారు అనుకున్నారట. ఎవరి కాన్పు ఎప్పుడైందో, ఎవరి బిడ్డ ఎవరి పోలికో తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే. అవ్వను పిలిపించి వాకిట్లో ఎండలో నిలబెట్టి, ఏం చెప్పావని అడిగారట. నేనేం చెప్పలే దొరా అంటే నమ్మలేదట. ఆ ఇంట్లోకే కాదు, పటేలు మాట వినే ఏ ఇంట్లోకీ రావద్దన్నారట.

మర్నాడు పొద్దున అవ్వ మా ఇంటికి వచ్చింది. ఎప్పటిలాగే పీట వేసుకుంది. నేనే ఉండబట్టలేక అడిగాను, తలలన్నీ ఒకేలా ఎందుకున్నాయో నీకు తెలుసా అని.

"అదేంది బిడ్డా, అన్నీ నేను చేసినయే గద. గట్లనే ఉంటయి."

"మరి ఆ మాట వాళ్ళతో అనలేకపోయావా?"

అవ్వ నా వైపు చూసి పెద్దగా నవ్వింది. "ఎట్లంట? దొరా, నీ తలకాయ నా చేతుల తయారయింది అనాల్నా? అంటె నా తలకాయ ఉంచుతడా?"

ఆ సాయంత్రం మా వారిని వెంటబెట్టుకుని సారు దిగిన గెస్ట్ హౌసుకు వెళ్ళాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నేను చెప్పిందంతా శ్రద్ధగానే విన్నాడు. విన్నాక, చేతులతో రుద్దితే ఎముక ఆకారం పెద్దగా మారదమ్మా, పుట్టుకతో వచ్చేది వస్తుంది అన్నాడు. కావచ్చు. ఆయన చదివినంత నేను చదవలేదు. నిజం ఏదో నాకు ఈ రోజుకీ తెలియదు. కానీ ఒక్కసారి ఇళ్ళల్లో అడిగి చూడండి, మీకు నీళ్ళు పోసింది ఎవరని అడగండి అన్నాను.

"అది మా పరిశీలనలో భాగం కాదమ్మా."

మనుషుల మీద చేయి వేసి కొలిచారు, ఆ మనుషుల మీద అప్పటికే ఎవరి చేయి పడిందో అడగడం భాగం కాదట. సరే, అది వదిలేయండి, ఆ ముసలావిడ మీకు ఏమీ చెప్పలేదని ఊళ్ళో ఒక మాట చెప్పి వెళ్ళండి, ఆమె కూడు పోతోంది అని బతిమాలాను. మర్నాడు పొద్దున్నే జీపు వస్తుందన్నాడు. ఇలాంటివి నాలుగు రోజుల్లో వాళ్ళే మర్చిపోతారన్నాడు. చెడ్డవాడు కాదు. గేటు దాకా వచ్చి సాగనంపాడు. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది. కసురుకుని ఉంటే తిరిగి ఒక మాట అని ఉందును.

దారిలో మా వారు అన్నారు, "నువ్వు చెప్పింది నిజమైతే ఆయన ఈ ఊళ్ళో కొలిచిందంతా దండగ. ఎలా ఒప్పుకుంటాడు?"

ఇంకో రోజు ఆగి అధ్యక్షురాలి ఇంటికి వెళ్ళాను. పిల్లల గది ఇంకో వారంలో తెరుస్తారు. ఆవిడ వరండాలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు. అవ్వను ఎప్పటినుంచి రమ్మంటారని అడిగాను.

"చూడమ్మా, ఆ సారు చెప్పారు కదా, మన మూలం వేరు, వాళ్ళ మూలం వేరు అని. సైన్సే చెబుతోంది. పసిపిల్లల్ని అప్పగించేటప్పుడు ఆలోచించుకోవాలి కదా."

"ఆ సారే ఈ ఊళ్ళో తలలన్నీ ఒకటేనన్నారు కదండీ."

"నేను చెప్పేదీ అదే. అలాంటి ఊరి మనిషిని ఎలా తీసుకుంటాం?"

వేరుగా ఉన్నారు కాబట్టి వద్దు. ఒకేలా ఉన్నారు కాబట్టి అసలే వద్దు. సారు ఏ కొలత చెప్పినా అవ్వకు ఆ ఒక్క తలుపు మూసుకునేదే. కొలవక ముందే మూసి ఉందన్నమాట.

మీ మనవడికి ఆమేగా నీళ్ళు పోసింది అన్నాను.

"అందుకేగా చీర పెట్టాం," అన్నారావిడ. తర్వాత, నన్ను ఊరడిస్తున్నట్టు, "అయినా చివరి చెంబు రోజూ నేనే పోసేదాన్నమ్మా" అన్నారు.

ఇంటికి వచ్చి గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. కూతురు భయపడి మంచం కిందికి దూరింది. దీపం పెట్టి కూర్చుంటే దేవుడికి చెప్పుకోవడానికి మేలు చేసినవాళ్ళ వరస రాలేదు. స్వామీ, నువ్వు ఇచ్చిన తలను ఆమె దిద్దింది, అది మాత్రం ఉంచుకుని ఆమెను గుమ్మం బయట నిలబెట్టారు, నువ్వేం చేస్తున్నావు అని అడిగాను. మా నాన్న నేర్పిన ప్రార్థనలో అలాంటి మాట లేదు.

మర్నాడు అవ్వ వచ్చింది. విషయం అప్పటికే తెలిసినట్టుంది, పిల్లల గది ఊసే ఎత్తలేదు. పిల్లాడికి నూనె రాసింది, తల దిద్దింది, పిండి రుద్దింది, నీళ్ళు పోసింది. ఎప్పటిలాగే ఒక చెంబు మిగిల్చి, వాణ్ణి నా చేతికి ఇవ్వబోయింది. నేను చేతులు చాపలేదు.

"ఈ రోజు నుంచి అది కూడా నువ్వే పొయ్యి అవ్వా," అన్నాను.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె తలెత్తి పక్క క్వార్టరు పెరటి గోడ వైపు చూసింది. అక్కడ ఎవరో బట్టలు ఆరేస్తున్నారు.

"నీకు పుణ్యమొస్తదేమో బిడ్డా. నాకు పనివోతది," అంది గొంతు తగ్గించి. "ఊళ్ళె ఇండ్లు పోయినయి. ఇగ ఈడ మిగిలినయి రెండో మూడో. ఆ గోడ మీదికెళ్లి ఎవలన్న సూస్తె గవి గూడ పోతయి. పట్టు, జల్దీ పట్టు. నీళ్ళు సల్లవడుతున్నయి, పోరడు వణుకుతుండు."

వాడు నిజంగానే వణుకుతున్నాడు. నేను పట్టుకున్నాను. ఆమె వెనక్కి జరిగింది. చెంబెత్తి ఆ నీళ్ళు పోశాను. అంత కోపంతో, అంత సిగ్గుతో పసిబిడ్డకు నీళ్ళు పోసిన తల్లి ఇంకొకరు ఉండి ఉండరు. అవ్వ మాత్రం తడిసిన పీట గోడకు ఆనించి, "రేపు జెర పెందలాడ వస్త" అని వెళ్ళిపోయింది.

పిల్లల గదిలో మా వైపు నుంచి ఒకమ్మాయిని తెచ్చి పెట్టారు. మంచి పిల్లే. సారు తిరిగి రాలేదు. పటేలు ఇంటివాళ్ళు ఆ మాట మర్చిపోలేదు. అవ్వ ఇంకా కొన్నేళ్ళు మా క్వార్టర్లలో ఒకటి రెండు ఇళ్ళకు వస్తూ ఉండేది. తర్వాత రాలేక మానేసింది. పోయిందని మాకు పాలావిడే చెప్పింది. ఆ ఒక్క తలుపు గుండా ఆమె ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు.

అది తలచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు మనసు కుదురుగా ఉండదు. పెద్ద చదువుల వాళ్ళు ఇప్పుడు మనుషుల్లో అలాంటి మూల జాతులు లేవని, అవన్నీ పాత లెక్కలని అంటున్నారట. మా అబ్బాయి పేపర్లో చదివి చెప్పాడు. సంతోషం. కానీ అవ్వకు అది ఎవరు చెబుతారు?

నాకు చేతనైంది ఇది రాయడమే. చదివేవాళ్ళను ఒక్కటి అడుగుతాను. ఆ రోజుల్లో ఆ ఊళ్ళోనో, మా క్వార్టర్లలోనో పుట్టినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, తల దువ్వుకునేటప్పుడు చేయి ఒకసారి వెనక్కి పోనివ్వండి. గుండ్రంగా తిరిగి, కింద కొంచెం చదునుగా మీ అరచేతికి తగిలే చోట ఆగండి. మిగతావాళ్ళు కూడా, మీకు నీళ్ళు పోసింది ఎవరో ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే అడగండి. మా అవ్వను ఆ ఒక్క క్షణం తలుచుకోండి.